ఆ పాట మేము మానేశాము

ఏడేళ్ళ నుంచి ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నాలుగు మాటలే. వాటిని రాసింది నేను. కింద పెట్టిన పేరు మాత్రం నాది కాదు. ఆ పేరు గలవాడు ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని పాడాడు, నేను ఆయన పక్కన వయొలిన్ వాయించాను. ఒకే డబ్బాలో పెరుగన్నం పంచుకున్నాం. ఒకే వ్యానులో ఊళ్ళు తిరిగాం. ఒక్కసారి కూడా చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం తేలిక అనుకున్నాను. అయితే మీకంటే ముందు ముగ్గురికి చెప్పాను, ఆ సంగతి కూడా రాస్తాను. వాళ్ళ ఎదుట నోరు తడబడింది. సగం చెప్పి, మిగతా సగం వాళ్ళ ముఖాలు చూసి మింగేశాను. మొత్తం వరసగా చెప్పాలంటే కాగితమే గతి.

ఇంకొకటి ముందే ఒప్పుకోవాలి. ఈ తప్పును తలచుకున్న ప్రతిసారీ నాకు సిగ్గుతో పాటు గర్వం కూడా కలుగుతుంది. మా పాటల మీద గర్వం. దాన్ని దాచిపెట్టి పశ్చాత్తాపం ఒక్కటే మీకు చూపిస్తే, అది నా రెండో మోసం అవుతుంది. కాదు, మూడోది. రెండోది కూడా ఉంది.

మాది తిరుపతిలో ఒక చిన్న బ్యాండు. పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు కాదు. మా పాటలు మేమే కట్టుకుని వేదికల మీద పాడతాం. ముగ్గురం. రెడ్డెప్ప పాటలు రాసి, బాణీ కట్టి, గిటారు వాయిస్తూ పాడతాడు. పాకాల దగ్గర ఒక పల్లెలో వేరుశనగ వేసుకునే ఇల్లు వాళ్ళది. డేవిడ్ పుత్తూరువాడు, చర్చిలో డ్రమ్స్ నేర్చుకున్నాడు. నేను పగలు ఒక బడిలో పిల్లలకు సంగీతం చెబుతాను, సాయంత్రం వీళ్ళతో వయొలిన్ వాయిస్తాను. వయసులో ఇద్దరికంటే పెద్దదాన్ని కాబట్టి ఇద్దరికీ అక్కను. షామియానాలు అద్దెకిచ్చే కొట్టు పైన మాకో గది ఉంది. కింద ఇనప కుర్చీలు దించుతుంటే పైన మా తాళం తప్పేది.

మమ్మల్ని నలుగురికీ తెలిసేట్టు చేసింది ఒకే పాట. మామిడికాయల కాలంలో చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోజులకొద్దీ బారులు తీరి నిలబడతాయి. అట్లా ఒక బారులో వాళ్ళ మామ ట్రాక్టరుకు కాపలా కూర్చుని, ఏమీ తోచక, రెడ్డెప్ప అరగంటలో కట్టిన పాట అది. కృష్ణగిరి నుంచి వచ్చిన లారీ డ్రైవరు తమిళంలో ఏదో అంటాడు, కాయలు నింపే పిల్ల తెలుగులో ఇంకేదో అర్థం చేసుకుంటుంది. అంతే పాట. కానీ మా వైపు అందరి ఇళ్ళలోనూ ఆ రెండు భాషల తగాదా ఉంది కదా, జనం విరగబడి నవ్వారు. ఆటోల్లో అదే, బస్సుల్లో అదే, పెళ్ళిళ్ళలో అదే. ఎక్కడికి వెళ్ళినా మూడుసార్లు పాడించుకునేవాళ్ళు. మొదటి పాట మొదలుపెట్టకముందే వెనక నుంచి "తోతాపురి" అని అరుపులు.

రెండేళ్ళు సంబరంగానే ఉంది. తర్వాత రెడ్డెప్ప వేరే పాటలు కట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళు ఈ మడి నుంచి ఆ మడికి పిలుచుకునే కేకల్లోంచి ఒకటి. బోరు వేయిస్తే నీళ్ళకు బదులు దుమ్ము లేచినప్పుడు చుట్టూ నిలబడిన మనుషుల మౌనం గురించి ఒకటి. స్వర్ణముఖి ఇసకలో చెలమ తవ్వి చెంబుతో నీళ్ళు తోడే వాళ్ళ నాయనమ్మ మీద ఒకటి. నెమ్మదిగా నడిచే పాటలు. వాటిల్లో డ్రమ్స్ లేవు. డేవిడ్ మొదట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత ఒకరోజు బిందె తెచ్చుకుని, దాని మూతి మీద అరచేయి మూసి తెరుస్తూ ఒక శబ్దం పుట్టించాడు. ఖాళీ బోరులోకి రాయి వేస్తే వచ్చే శబ్దం అది. నేను ఎన్నో కచేరీల్లో వాయించాను. నా చెయ్యి ఏదో కొత్తది చేస్తోందని నాకు మొదటిసారి అనిపించింది ఆ గదిలోనే.

ఎనిమిది పాటలు తయారయ్యాయి. రికార్డింగుకు ముందు, జనం ఏమంటారో చూద్దామని చిత్తూరులో ఒక సభలో నాలుగు పాడాం. రెండో పాట సగంలో ఈలలు మొదలయ్యాయి. మూడో పాటకు కుర్చీలు జరిపి లేచిపోయారు. ఒకాయన వేదిక దగ్గరకు వచ్చి, డబ్బులిచ్చి పిలిపించింది ఏడిపించడానికా అని అడిగాడు. రెడ్డెప్ప పాట ఆపి, గిటారు సరిచేసుకుని, తోతాపురి పాడాడు. మూడుసార్లు పాడాడు. ఒక్క తప్పు పోలేదు. దిగిపోయేటప్పుడు మాత్రం మెట్టు చూసుకోక తూలాడు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. మా కార్యక్రమాలకు ఎప్పుడూ ముందు వరసలో ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ళవాడు, భుజాన పచ్చ తువ్వాలు. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోసేవాడు. రైలెక్కి రేణిగుంటలో దిగి, అక్కడి నుంచి మేము ఎక్కడ పాడితే అక్కడికి వచ్చేవాడు. పాటకు ముందు ఒక సంచి నిమ్మకాయలు తెచ్చి డేవిడ్ కాళ్ళ దగ్గర పెట్టి, మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి నిలబడేవాడు. తోతాపురి మొదలవగానే తువ్వాలు గాల్లో తిప్పుతూ ఆడేవాడు. అంత బరువులు మోసే ఒళ్ళు అంత తేలిగ్గా ఎట్లా ఆడేదో. మేము ఆయన్ను నిమ్మకాయలన్న అనేవాళ్ళం. పేరు అడగలేదు. అప్పటికి కొన్ని నెలలుగా ఆయన కనబడటం లేదు.

చిత్తూరు నుంచి వచ్చిన మూడో రోజు, బడిలో పిల్లలు తిండికి పోయిన సమయంలో, ఫోనులో మా బ్యాండు పేజీ తెరిచాను. అభిమానుల ఉత్తరాలన్నీ నేనే చదివేదాన్ని, జవాబులూ నేనే ఇచ్చేదాన్ని. జవాబు కింద రెడ్డెప్ప అని పెట్టేదాన్ని, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన స్వయంగా రాశాడనుకుంటే జనానికి సంతోషం. అందులో తప్పు ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ రోజు ఒక ఉత్తరం ఉంది. రమణమ్మ అనే ఆమె రాసింది, ఎవరిచేతో రాయించిందేమో, అక్షరాలు సరిగా ఉన్నాయి. తన భర్త పేరు పెంచలయ్య అని, లారీ మీద నుంచి మూటతో సహా పడి వెన్నుపూస విరిగిందని, నడుము కింద స్పర్శ లేదని రాసింది. ఆయన మీకు నిమ్మకాయలు తెచ్చేవాడు, జ్ఞాపకం ఉంటాడో లేదో అంది. ఎవరితోనూ మాట్లాడటం లేదట. మొన్న మాత్రం ఒక మాట అడిగాడట, వాళ్ళు ఒక్కసారి వచ్చి ఆ పాట పాడితే వినాలని ఉందని. రాలేకపోతే ఫోనులో పాడినా చాలు, నడుమ ఆయన పేరు ఒక్కసారి పలికితే చాలు, అని రాసింది.

చదివి ఫోను బల్ల మీద బోర్లించాను.

ఆ పూట నేను ఏమి ఆలోచించానో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట నాకు ఏడుపొచ్చింది. అది నిజం. ఏడుపు ఆరకముందే ఇంకో ఆలోచన వచ్చింది. అదీ నిజం. రెడ్డెప్ప ఈ ఉత్తరం చూస్తే ఆ క్షణమే గూడూరు పోతాడు. ఆ మంచం పక్కన కూర్చుని పాడతాడు. పెంచలయ్య ముఖం చూస్తాడు. ఆ ముఖం చూశాక, బోర్ల మీద, ఇసక మీద కట్టిన ఆ నెమ్మది పాటలు ఆయనకు తన స్వార్థంలాగా కనబడతాయి. రికార్డింగుకు ఇంకా తొమ్మిది రోజులు. వెనక్కి తిరిగితే మళ్ళీ రాడు. రెడ్డెప్ప స్వభావం నాకు తెలుసు అనుకున్నాను. తెలుసా? అనుకున్నాను, అంతే.

ఆయన కోసమే ఆలోచించానా? ఆ బిందె శబ్దం పక్కన నా వయొలిన్ ఎట్లా పలికిందో మరిచిపోలేక ఆలోచించానా? ఇన్నేళ్ళుగా ఆ రెండింటినీ విడదీయాలని చూస్తున్నాను. విడిపోవడం లేదు.

ఆ సాయంత్రం గదికి వెళ్ళాను. డేవిడ్ ఇంకా రాలేదు. రెడ్డెప్ప కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, గిటారు సంచిలోంచి తీయలేదు. రికార్డింగు వద్దనుకుంటున్నానని చెప్పాడు. జనం మన పాటకు చెవులిచ్చారు కాబట్టే మనం మనుషులమయ్యామని, వాళ్ళకు వద్దన్నది వాళ్ళ నెత్తిన రుద్దే హక్కు మనకెక్కడిదని అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

"అక్కా, ఉత్తరాలన్నీ సదివేది నువ్వే గదా. ఈలలేసేటోళ్ళ సంగతి ఇడిసిపెట్టు. మనసులో నుంచి ఆ పాట కావల్లని అడిగినోళ్ళు ఒగరైనా ఉండారా? ఉంటే జెప్పు. వాళ్ళ కోసరం పాడతా."

"ఎవరూ లేరప్పా" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే. అందరూ అరిచేవాళ్ళే. ఒకరిని చూసి ఒకరు."

ఆయన తల ఊపాడు. "నిమ్మకాయలన్న గూడా రావడం మానేసినాడు" అన్నాడు. "ఆయనగ్గూడా విసుగొచ్చిందేమోలే."

అవునేమో అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఉత్తరం నా చేతిసంచిలో, ఫోనులో, ఆయనకు మూరెడు దూరంలో ఉంది. ఆయన గిటారు బయటికి తీశాడు. డేవిడ్ వచ్చాడు. ఆ రోజు చెలమ పాటను మేము అంతకు ముందెప్పుడూ వాయించనంత బాగా వాయించాం.

ఇంటికి చేరగానే రమణమ్మకు జవాబు రాశాను. ఆ పాట మేము మానేశాము. క్షమించండి. రెడ్డెప్ప.

కాసేపటికే బదులు వచ్చింది. "సరే అన్నా. మీ పాట, మీ ఇష్టం."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఎనిమిది పాటలూ రికార్డు చేశాం. ఇక గర్వం సంగతి. ఏడాది పాటు వాటిని ఎవరూ పట్టించుకోలేదు. కార్యక్రమాలు తగ్గిపోయాయి. డేవిడ్ కొన్నాళ్ళు పెళ్ళిళ్ళలో వాయించుకున్నాడు. తర్వాత, ఎట్లాగో చెప్పలేను, ఆ పాటలు వాటంతట అవే నడుచుకుంటూ వెళ్ళాయి. మదనపల్లె వైపు ఒక పల్లెలో టమాటా కోసే ఆడవాళ్ళు ఆ కేక పాట పాడుకుంటుంటే ఎవరో ఫోనులో తీసి మాకు పంపారు. వాళ్ళు మా పాటలో రెండు చరణాలు మార్చేశారు, మార్చినవే బాగున్నాయి, మేమూ ఇప్పుడు అట్లాగే పాడుతున్నాం. పలమనేరులో ఒక రైతు బోరు పాట విని లేచి నిలబడ్డాడు, పాట అయ్యేవరకు నిలబడే ఉన్నాడు. ఆయన వెనక వరస లేచింది. ఆ వెనకదీ లేచింది. మా తిరుపతిలో ఒక సభలో వందలమంది కూర్చుని ఉంటే డేవిడ్ అరచేయి బిందె మీద నుంచి లేచే శబ్దం చివరి వరసకు వినబడింది. ఆ నిశ్శబ్దంలో నేను తీగల మీద విల్లు పెట్టాను. అంతకంటే గొప్ప క్షణం నా బతుకులో లేదు. రాదు కూడా. ఆ పాటలు మా నేలవి, మా ముగ్గురివి. వాటి గురించి నేను తల దించుకోను. ఈ ఒప్పుకోలులో కూడా దించుకోను.

కానీ చప్పట్లు మోగిన ప్రతిచోటా ముందు వరస వైపు చూడటం మానేశాను. పైన దీపాల వైపు చూసేదాన్ని.

నిరుడు గూడూరు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ పుస్తకాలు చదివే కొందరు కలిసి పగటిపూట కార్యక్రమం పెట్టారు. జ్వరమని తప్పించుకుందామనుకున్నాను. వెళ్ళాను. ఆరేళ్ళ కిందటి మాట ఎవరికి గుర్తుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

పాటలన్నీ అయ్యాక, మాట్లాడదలచినవాళ్ళు మాట్లాడవచ్చని నిర్వాహకులు అన్నారు. నడుమ వరసలోంచి ఒకామె లేచింది. ముదురాకుపచ్చ చీర, నెరిసిన జుట్టు. మైకు ఇస్తే తీసుకోలేదు. రెడ్డెప్పను చూస్తూ మామూలు గొంతుతో అడిగింది.

"మా ఆయన పెంచలయ్య మంచంలో ఉండి నీ పాట అడిగినాడు. ఫోన్లో పాడినా చాలంటిమి. మానేసినామని రాస్తివి. అంత బరువైపోయినామా అన్నా నీకు?"

రెడ్డెప్ప నా వైపు చూశాడు. డేవిడ్ వైపు చూశాడు. ఆయనకు ఏమీ తెలియదు. నేను రాయలేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది, అది నిజం కూడా. ఆయన అనలేదు. గిటారు కింద పెట్టి, వేదిక దిగి, ఆమె ముందుకు వెళ్ళి, తప్పయిపోయిందని చేతులు జోడించాడు. పెంచలయ్య ఇప్పుడెట్లా ఉన్నాడని అడిగాడు. పోయి మూడేళ్ళయిందని ఆమె చెప్పింది. ఇప్పుడు పాడమంటే పాడతానన్నాడు.

"వద్దు సామీ" అంది. "అది ఆయన అడిగిన పాట. నాకెందుకు."

ఆమె వెళ్ళిపోయింది. నేను చేతిలో వయొలిన్‌తో అట్లాగే నిలబడి ఉన్నాను. నాలుగు అడుగులు వేస్తే చాలు. వేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో రెడ్డెప్ప అడిగాడు, అట్లాంటి ఉత్తరం ఏదైనా నా కంట పడిందా అని. ఎన్నో వస్తాయి కదా, గుర్తు లేదన్నాను. ముందు నేను లెక్క చెప్పిన రెండో మోసం ఇదే. మొదటిదానికి పాటలు కారణమని నాకు నేను చెప్పుకోగలను. దీనికి ఏ కారణమూ లేదు. భయం, అంతే.

ఆ తర్వాత ఆయన తన జ్ఞాపకాన్ని తవ్వుకోవడం మొదలుపెట్టాడు. ఆ పాట మానేశామని ఎవరితోనో అన్నానేమో, వాళ్ళు అదే రాసి పంపారేమో, అన్నది మరిచిపోయానేమో అని డేవిడ్‌తో పదేపదే అనేవాడట. కొన్నాళ్ళకు తానే చేశానని నమ్మేశాడు. పాటలు రాయడం తగ్గింది. రాసినవి చింపేశాడు. చేయని తప్పును తన మీద వేసుకుని ఆయన కుంగుతుంటే, ఆ తప్పు చేసిన నేను శ్రుతి చూసుకుంటూ ఎదురుగా కూర్చున్నాను. పదకొండు నెలలు అట్లా కూర్చున్నాను.

పోయిన నెల ఒంటరిగా గూడూరు వెళ్ళాను. మార్కెట్లో రమణమ్మ నలుగురు ఆడవాళ్ళ మధ్య నిమ్మకాయలు ఏరుతూ ఉంది, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. నేను ఏడిస్తే నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇస్తుందని నేను ఎందుకు ఎదురుచూశానో తెలియదు. చివరికి, ఈ సంగతి ఆ పాడే ఆయనకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఇన్నేళ్ళూ ఆయన్ను తిట్టుకున్నానని, ఆ తిట్లన్నీ తగలరాని మనిషికి తగిలాయని, ముందు పోయి ఆయనకు చెప్పమని అంది. నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. లేచి వస్తుంటే తల ఎత్తలేదు.

మంగళవారం మా గదిలో చెప్పాను. డేవిడ్ కూడా ఉన్నాడు. రెడ్డెప్ప ఆ ఉత్తరం చూపించమన్నాడు. నేను దాన్ని చెరిపేయలేదు, తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. నా జవాబు కూడా చదివాడు. ఫోను నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"పోయుంటే ఈ పాటలు కట్టేవాణ్ణి కాదేమో" అన్నాడు. "కట్టేవాణ్ణేమో గూడా. ఆయన ముందర ఆ పాట పాడి, మళ్ళా వచ్చి ఈ పాటలు పాడేంత బలం నాకు ఉండెనేమో. నాకు తెలీకుండా పోయ గదక్కా."

అంతే అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను వదలడం లేదు. జనం కోరికల నుంచి ఆయన పాటను కాపాడుతున్నానని అనుకున్నాను. ఏది పాడాలో, ఎవరికి పాడాలో ఆయనే తేల్చుకోవలసిన పూట ఒకటి వస్తే, దాన్ని నేను చేతిసంచిలో దాచేశాను. ఈలలు వేసిన జనం కూడా ఆయనకు అంత పని చేయలేదు. పెంచలయ్యకు పాడి వచ్చి కూడా ఎనిమిది పాటలూ పాడగల మనిషి అని ఆయన్ను నేను ఎందుకు నమ్మలేదు? ఇప్పుడు నమ్ముతున్నాను. ఇప్పుడు నమ్మి ఏం లాభం?

నిన్న డేవిడ్ ఫోను చేశాడు. రెడ్డెప్ప పొద్దున్నే గూడూరు రైలెక్కాడట. గిటారు తీసుకుపోలేదట. అక్కడ ఆమెతో ఏమి మాట్లాడతాడో, ఏమి వింటాడో నాకు తెలియదు. అడగను. ఇక నేను గదికి రావద్దని ఆయన అనలేదు, రమ్మనీ అనలేదు. ఆదివారం సాధనకు వెళ్ళి, నిలబడమన్న చోట నిలబడతాను. పొమ్మంటే తిరిగి వచ్చేస్తాను.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆయన ఆ రైలెక్కాడని విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. అట్లాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు వాయించాను. నా తప్పు తగ్గదు. తగ్గాలని కూడా అడగడం లేదు. కానీ ఇవాళ ఈ కాగితం మీద, నా చేతిరాతతో, ఎవరి పేరూ అరువు తెచ్చుకోకుండా రాశాను. ఊపిరి లోపలిదాకా పోతోంది.